సుబ్బారావు గారి రెండు మందులు



ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో సూక్ష్మజీవుల పాఠం ఉంటుంది. ఫ్లెమింగ్, పాశ్చర్, జెన్నర్ పేర్లు మీ పిల్లలు గడగడా చెప్పేస్తారు. అదే తరగతిలో ఎల్లాప్రగడ సుబ్బారావు ఎవరని అడిగి చూడండి. ఒకరు సినిమా రచయిత అంటారు, ఇంకొకరు స్వాతంత్ర్య సమరయోధుడు అంటారు, వెనక బెంచీ వాళ్ళు నవ్వుతారు. తప్పు పిల్లలది కాదు. మనమే ఇంట్లో ఆ పేరు ఎప్పుడూ ఎత్తలేదు.

కానీ ఆయన మందు చేరని ఇల్లు మన రెండు జిల్లాల్లో వెతికినా కష్టంగానే దొరుకుతుంది. కడుపుతో ఉన్నప్పుడు మొదటి నెలల్లోనే డాక్టరమ్మ రాసిన చిన్న బిళ్ళ గుర్తుందా? అది ఫోలిక్ యాసిడ్. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, తన ఎదుటే మింగమన్న బిళ్ళల్లో ఒకటి డీఈసీ. శ్రీకాకుళం వైపు వాళ్ళకి ఆ బిళ్ళ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ రెండూ సుబ్బారావు గారు నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చినవే. పిల్లల రక్త క్యాన్సర్‌కి పనిచేసిన మొట్టమొదటి మందు కూడా అక్కడిదే. అన్నిటి గురించీ రాస్తే ఈ పేజీలు చాలవు. ఒక జబ్బు, దానికి ఈనాటికీ వాడే రెండు మందులు, ఆ మందులకీ ఆయన ఇంటికీ ఉన్న సంబంధం, ఈ నెల అంతవరకే చెబుతాను. ఆఖర్న మన ఊళ్ళ జ్వరం గురించి కూడా కొంచెం ఉంది. దయచేసి అది మాత్రం వదిలేయకండి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవారు. తండ్రి జగన్నాథం గారిది రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం పాడై ఆ ఉద్యోగమూ నిలవలేదు. ఇల్లు నెట్టుకొచ్చింది తల్లి వెంకమ్మ గారు. పదమూడేళ్ళ వయసులో ఈయన ఇంట్లో చెప్పకుండా కాశీకి బయల్దేరారట. అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని లెక్క వేసుకున్నారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు.

కూర్చోబెడితే మాత్రం ఏమయింది? మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి గట్టెక్కారు. యూనిట్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గాయని స్కూలుకి ఫోన్ చేసే అమ్మానాన్నలు మనలో ఉన్నారు కాబట్టి ఈ ముక్క కాస్త గట్టిగా రాస్తున్నాను. రెండుసార్లు తప్పిన ఆ అబ్బాయి తర్వాత హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్నాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు పోయింది. సన్యాసం తీసుకుంటానన్నారు. తల్లి ఒప్పుకోనిదే చేర్చుకోమని మఠం వాళ్ళన్నారు, తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే మఠం ఆసుపత్రుల్లో సేవ చేసుకోవచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఆ చదువుకి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు సర్దారు. అది గాంధీగారు విదేశీ బట్ట వదలమన్న కాలం. ఈయన ఆపరేషన్ థియేటర్లోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా చేతికొచ్చింది పూర్తి ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే కింది మెట్టు ఎల్ఎంఎస్. ఆ తేడా ఆయన్ని అమెరికా దాకా వెంటాడింది.

ఇంటిని జబ్బు చుట్టుముట్టింది కూడా ఆ చదువుకునే రోజుల్లోనే. అన్నదమ్ముల్లో ఇద్దరు రోజుల తేడాలో పోయారు. వాళ్ళని తీసుకుపోయిన జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. ఆ తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ పట్టుకుంది.

ఇప్పుడు ఈ పేరు మనకి వినబడదు, చాలా అరుదైపోయింది. అప్పట్లో అది ఉష్ణదేశాల వాళ్ళని, ఇక్కడికి వచ్చిన తెల్లవాళ్ళని కూడా పీల్చేసిన జబ్బు. మన పెద్దలు గ్రహణి అని పిలిచే జబ్బుల్లో ఇదీ కలిసి ఉండేది. మొదట్లో మామూలు విరేచనాల్లాగే ఉంటుంది. అవి తగ్గవు. వారాలు గడుస్తాయి, నెలలు గడుస్తాయి. మలం జిడ్డుగా, దుర్వాసనతో వస్తుంది. తిండి తింటున్నా మనిషి చిక్కిపోతాడు. నాలుక ఎర్రగా పుండుపడి కారం తగిలితే మండుతుంది. మొహం పాలిపోతుంది, మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళకి నీరు. కొందరికి చీకటి పడితే చూపు ఆనదు. ఇప్పుడు ఆలోచించండి. కడుపు గురించి ఒక డాక్టరు దగ్గరికి, రక్తహీనతకి ఇంకో డాక్టరు దగ్గరికి, నాలుక పుండుకి మందుల షాపుకి, కాళ్ళ వాపుకి మరొకరి దగ్గరికి వెళితే ఎవరికి వాళ్ళు తమ ముక్కకే మందు రాస్తారు. ఇవన్నీ ఒకే జబ్బు అని ఎవరికి తడుతుంది?

అసలు లోపల జరిగేది ఇది. మన చిన్నపేగు లోపలి గోడ తువ్వాలు మీది పోగుల్లా నూగునూగుగా ఉంటుంది. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. ఈ జబ్బులో అది అరిగి చదునైపోతుంది. కొవ్వు పీల్చుకోదు కాబట్టి మలం జిడ్డు. ఫోలిక్ యాసిడ్, బీ12 పీల్చుకోదు కాబట్టి రక్తం తగ్గుతుంది, నాలుక పూస్తుంది. ఎ విటమిన్ అందకపోతే రేచీకటి. ప్రోటీన్ చాలకపోతే వాపు. ఒక్క గోడ పాడైతే ఇన్ని చోట్ల బయటపడుతుంది. ఉండకూడనంతగా బాక్టీరియా చిన్నపేగులో కాపురం పెట్టడమే దీనికి మూలమని ఎక్కువమంది వైద్యుల అభిప్రాయం. యాంటీబయాటిక్ ఇస్తే తగ్గడం అందుకు పెద్ద ఆధారం. ఇవాళైతే ఎండోస్కోపీతో పేగు ముక్క తీసి చూస్తారు, మలంలో కొవ్వు కొలుస్తారు, జియార్డియా లాంటి పరాన్నజీవులు లేవని, గోధుమ పడకపోవడం వల్ల వచ్చే సీలియాక్ జబ్బు కాదని తేల్చుకుంటారు. 1918 నాటి మద్రాసులో ఇవేవీ లేవు.

సుబ్బారావు గారు బతికారు. ఆయుర్వేదం కూడా చదివిన డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్రల్లో కనబడుతుంది. తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం శరీర శాస్త్రం పాఠం చెప్పారు కూడా. తనకి తగ్గింది, అన్నదమ్ములకి ఎందుకు తగ్గలేదు? ఆ ఇంట్లో అప్పటికి ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి సాయం కలిపి 1920ల మొదట్లో ఆయన ఓడెక్కారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. బోస్టన్‌లో దిగేసరికి చేతిలో ఉన్నది చాలా తక్కువ. హార్వర్డ్‌లోని ఉష్ణదేశాల వైద్య పాఠశాలలో సీటు ఉంది, జీతం లేదు. ఎల్ఎంఎస్ పట్టా చూసి డాక్టరు ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. రాత్రిళ్ళు పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో వార్డు పనివాడిగా చేరి రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగారు. పొద్దున్నే క్లాసుకి వెళ్ళేవారు. ఆయన పుట్టిపెరిగిన ఇల్లు, ఆ కాలపు కట్టుబాట్లు తెలిసినవాళ్ళకి ఆ గిన్నెలు పట్టుకోవడం ఎంత మాటో తెలుస్తుంది.

డిప్లొమా అయ్యాక సైరస్ ఫిస్కే దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. ఆ కొలతతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీని అదే 1929లో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. పదో తరగతి పిల్లలు కణాల కరెన్సీ అని బట్టీ పడుతున్నది దీన్నే. 1930లో డాక్టరేట్ వచ్చింది. అయినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఈ విషయంలో హార్వర్డ్‌ని సమర్థించే కారణమేదీ నాకైతే కనబడలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే కంపెనీ ప్రయోగశాలకి వెళ్ళిపోయారు. తర్వాత అక్కడి పరిశోధనకి డైరెక్టరు అయ్యారు. ఇక్కడి నుంచి ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలోనే అన్నీ.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీని కథకి మన దేశంలో ఇంకో మొదలు ఉంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి ప్రాణాంతకమైన రక్తహీనత ఎందుకు వస్తోందో వెతికారు. ఈస్టుతో చేసే మార్మైట్ అనే పదార్థం పెడితే వాళ్ళు కోలుకున్నారు. 1931లో ఆవిడ అది ప్రకటించారు. ఈస్టులో, కాలేయంలో ఏదో ఉంది, అదేమిటో ఎవరికీ చిక్కలేదు. సుబ్బారావు గారి బృందం దాన్ని కాలేయం నుంచి విడదీయడమే కాక 1945 నాటికి ప్రయోగశాలలో తయారు చేసి చూపించింది. కాలేయం నుంచి తీస్తే చిటికెడు, సొంతంగా తయారు చేస్తే కావలసినంత. టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు వెంటనే దాన్ని తీసుకుని క్యూబాలో రోగులకి ఇచ్చి చూశారు. ఆ రోగుల జబ్బు ట్రాపికల్ స్ప్రూ. నాలుక మాన్పుపట్టింది, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది.

అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

ఫోలిక్ యాసిడ్ పేగుని నిలబెడుతుంది, రక్తాన్ని పెంచుతుంది. లోపల కాపురం పెట్టిన బాక్టీరియాని మాత్రం వెళ్ళగొట్టదు. అందుకు రెండో మందు కావాలి. అదీ అదే ప్రయోగశాలలో తయారవుతోంది. పెన్సిలిన్ అప్పటికే వచ్చింది కానీ చాలా జబ్బుల మీద పనిచేయదు. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్లో ఇంకేమైనా మందు చేసేవి ఉన్నాయేమో చూడాలని ఊరూరి మట్టి తెప్పించారు. ఆ పని బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసరుకి అప్పగించారు. డెబ్భై దాటిన మనిషికి కొత్త ఉద్యోగం ఇవ్వడం ఎక్కడైనా వింతే. 1945లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాన్నుంచి తీసిన మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దకొడుకు ఇదే. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు.

ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి పోయారు. వయసు 53. ఇండియాకి తిరిగి రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఆయనకి అమెరికా పౌరసత్వమూ లేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది. ఒక బూజు జాతికి ఆయన పేరు కలిపి సుబ్బారోమైసిస్ అని పెట్టారు. నోబెల్ మాత్రం రాలేదు.

తర్వాతి సంవత్సరాల్లో ట్రాపికల్ స్ప్రూకి చికిత్స స్థిరపడింది. ఫోలిక్ యాసిడ్, దాంతోపాటు టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్, కొన్ని నెలలపాటు. బీ12 తగ్గినవాళ్ళకి అదీ ఇస్తారు. 1960ల మొదట్లో వెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో ఈ జబ్బు అంటువ్యాధిలా విరుచుకుపడినప్పుడు అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు దాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఇప్పటి వైద్యపుస్తకం తెరిచినా చికిత్స అన్న శీర్షిక కింద ఈ రెండు మందులే కనబడతాయి. రెండూ పెర్ల్ రివర్ నుంచి వచ్చినవే. ఒక మనిషి తన ఇంట్లో ఇద్దరిని చంపిన జబ్బుకి రెండు మందులూ తన కప్పు కిందే తయారవడం అనుకుని చేసిందో, అలా కలిసొచ్చిందో నేను చెప్పలేను. నాకు మాత్రం ఇది చదివినప్పుడు ఒళ్ళు గగుర్పొడిచింది.

ఇక మన ఊళ్ళ సంగతి. స్ప్రూ మనకి దాదాపు కనబడదు. కానీ ఒకే జబ్బు పది రూపాల్లో వచ్చి డాక్టర్లని తికమకపెట్టేది ఒకటి మన దగ్గర ఉంది. పేరు స్క్రబ్ టైఫస్. పేరు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌కీ దీనికీ సంబంధం లేదు. గడ్డి, పొదలు, గట్ల మీద ఉండే నల్లి జాతి పురుగు పిల్లలు కుడితే వాటిలోని బాక్టీరియా మనలోకి వస్తుంది. ఆ పురుగు కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు. పది రోజులు అటూ ఇటూగా జ్వరం మొదలవుతుంది. తలనొప్పి, ఒళ్ళునొప్పులు. కొందరికి దద్దుర్లు, కొందరికి దగ్గు, కొందరికి వాంతులు. ఆలస్యమైతే కామెర్లు, ఆయాసం, కిడ్నీల ఇబ్బంది, మెదడు వాపు దాకా పోతుంది. డెంగీ అనుకుంటారు, మలేరియా అనుకుంటారు. విడాల్ పరీక్షలో ఏదో కనబడితే టైఫాయిడ్ అని ఖాయం చేసేస్తారు.

రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో పోరాడిన సైనికులని ఈ జ్వరం విపరీతంగా పడగొట్టింది. అప్పుడు దీనికి మందే లేదు. కొన్ని చోట్ల నూటికి ముప్పై మంది దాకా పోయేవారు. 1948లో మలయాలో మొదట క్లోరాంఫెనికాల్ అనే మందుతో నయం చేశారు. అది సుబ్బారావు గారి ప్రయోగశాలది కాదు, అది వేరే కంపెనీది. ఆరియోమైసిన్ కుటుంబం మందులూ దీని మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయని వెంటనే తేలింది. ఆ కుటుంబంలో 1967లో వచ్చిన డాక్సీసైక్లిన్ ఇప్పుడు దీనికి మొదటి మందు. సరైన సమయానికి పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఖరీదు కూడా తక్కువే. చిన్నపిల్లలకి, గర్భిణులకి చాలాసార్లు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు చెప్పాలి, మందుల షాపు అబ్బాయి కాదు. ఇంకో మాట. మామూలుగా జ్వరాలకి రాసే పెన్సిలిన్ రకం మందులు దీని మీద పనిచేయవు. ఈ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది.

పరీక్షలున్నాయి. ఐజీఎం ఎలైజా అనేది పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు. కానీ జ్వరం మొదలైన తొలి రోజుల్లో అది తేలకపోవచ్చు. అప్పటికి అందరికంటే ముందు పట్టుకోగలిగింది అమ్మే. ఎలాగంటే, పురుగు కుట్టిన చోట నల్లటి పక్కు కడుతుంది, సిగరెట్టుతో కాల్చినట్టు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు. చంకలో, గజ్జల్లో, మోకాలి వెనక, చెవి వెనక, నడుం దగ్గర బట్ట బిగుసుకునే చోట ఉంటుంది. చామనఛాయ ఒంటి మీద ఆనడం కష్టం. అందరికీ ఉండదు, ఉంటే మాత్రం జబ్బు పేరు దాదాపు రాసిపెట్టినట్టే. స్నానం చేయించేటప్పుడు వెలుతురులో చూడండి. పెద్ద పిల్లలైతే సిగ్గుపడతారు, వాళ్ళనే చూసుకుని చెప్పమనండి.

వానలు పడి గడ్డి పెరిగాక, అక్కడినుంచి చలి నెలల దాకా ఈ జ్వరం ఎక్కువ. సెలవులకి సీతంపేట, కురుపాం వైపు అమ్మమ్మగారింటికి వెళ్ళొచ్చిన పిల్లలున్నారు, ఉద్దానం జీడితోటల్లో ఆడుకొచ్చినవాళ్ళున్నారు. వెళ్ళొద్దని నేననను. రాగానే స్నానం, ఆ బట్టలు వేడినీళ్ళలో.

జ్వరం బిళ్ళ వేసి వీక్లీ టెస్టుకి పంపించేస్తున్నారని మాకు తెలుసు. పదకొండు గంటలకి బిళ్ళ దిగిపోతుంది, పిల్లవాడు బెంచీ మీద తల వాల్చేస్తాడు. టెస్టు మళ్ళీ రాయించవచ్చు. జ్వరం మూడు రోజులు దాటితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి మూడు విషయాలు అడగకపోయినా చెప్పండి: జ్వరం ఇవాళ్టికి ఎన్నో రోజు, ఈ రెండు మూడు వారాల్లో పిల్లలు ఎక్కడెక్కడ తిరిగారు, ఒంటి మీద పక్కు ఏమైనా కనబడిందా. వాడేసిన మందుల చీటీలు కూడా పట్టుకెళ్ళండి.